మాట్లాడినవారి పేర్లు

పొద్దున ఎల్లారెడ్డి బస్సులో నాకు కిటికీ సీటు దొరకకపోతే ఆ రోజు బడిలో ఎవరికో ఒకరికి మూడుతుందని మా లెక్కల సార్ కనిపెట్టాడు. బస్సు దిగి గేటు దాకా నేను నడిచే తీరు చూసి, కిటికీ దొరికిందో లేదో ముందే మిగతా సార్లకు చెప్పేసేవాడట. ఈ సంగతి నాకు తెలిసిన రోజు కిటికీ సీటు దొరికింది. అయినా ఆయనకే మూడింది.

నేను ప్రధానోపాధ్యాయురాలిని. పుట్టింది దోమకొండ, కాపురం కామారెడ్డి, ఉద్యోగం ఎల్లారెడ్డికి ఇవతల ఒక ఊరి హైస్కూల్లో. పిల్లలు నన్ను పెద్ద మేడం అంటారు. వెనకాల ఇంకేదో అంటారు, అది నాకు తెలుసునని వాళ్ళకు తెలియదు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. మా ఇంట్లో కూడా ఇదే మాట.

ఆ ఏడాది బడులు తెరవడానికి ముందు మమ్మల్ని సహిత విద్య మీద శిక్షణకు పిలిచారు. వైకల్యం ఉన్న పిల్లలను పక్కన పెట్టకుండా అందరితో కలిపి ఒకే తరగతిలో చదివించడం ఎలాగో హెడ్మాస్టర్లకు నేర్పే శిక్షణ అది. ఒక బిల్డింగు రెండో అంతస్తులో పెట్టారు. లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్ద సార్ సగం మెట్ల మీద కూలబడి, "ముందు నన్ను కలుపుకొని పోండ్రి నాయినా" అన్నాడు. అందరం నవ్వాం, నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను. మూడు రోజుల తర్వాత ఒక ఫైలు, ఒక పెన్ను, బోలెడంత ఉత్సాహం చేతబట్టుకుని కిందికి దిగాను.

దిగి నేను చేసిన మొదటి పని ర్యాంపు కట్టించడం. బడి మరమ్మతులు నడుస్తున్నాయి, సిమెంటు ఉంది, మేస్త్రీ ఉన్నాడు. "యాడ కట్టాలె మేడం?" అన్నాడు. నేను క్షణం కూడా ఆలోచించకుండా నా ఆఫీసు గది ముందున్న వరండా చూపించాను. గేటు తెరవగానే కనబడేది అదే. అధికారులు వచ్చి దిగేది అక్కడే, ఫోటో తీసేది అక్కడే. మేస్త్రీ తల గోక్కున్నాడు.

"పోరగాండ్లు గా పాత బిల్డింగుల గద మేడం ఉండేది?"

"చెప్పింది చెయ్యి. నాకు నేర్పకు."

చేశాడు. నున్నగా, వెడల్పుగా, పక్కన పసుపు రంగు పైపుతో. మొదటి వారంలో దాన్ని వాడుకున్నది లెక్కల సార్ స్కూటరు ఒక్కటే. ఎండ తగలకుండా వరండా మీదికి ఎక్కించి పెట్టుకునేవాడు.

జూన్‌లో ఒక పిల్ల వచ్చింది. శివారు పల్లె నుంచి కిలోమీటరు దూరం, మట్టిరోడ్డు మీద, వాళ్ళ అవ్వ చక్రాల కుర్చీ తోసుకుంటూ తెచ్చింది. ఆరో తరగతి. పుట్టుక నుంచి కాళ్ళల్లో సత్తువ లేదు. మిగతా అంతా సత్తువే అని తర్వాత తెలిసింది. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు. ఏటా దసరా తెల్లారి మరాఠీ దిక్కు చెరుకు కొట్టడానికి పోతే మళ్ళీ ఎండాకాలానికి వస్తారు. అందుకని అవ్వే దిక్కు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, "తోసుడు నా పని మేడం, సదువు జెప్పుడు నీ పని" అంది. ఒప్పందం నాకు నచ్చింది.

ఆరో తరగతి పాత బిల్డింగులో, మూడు మెట్ల మీద. మెట్ల ముందే బోరింగు. అక్కడ ర్యాంపు కట్టాలంటే బోరింగు పీకాలి, బోరింగు పీకితే బడికి నీళ్ళు లేవు. ఇక అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. ర్యాంపు నా గదికి ఉంది కదా, పిల్ల కూడా నా గదిలోనే ఉంటే సరి! ఫ్యాను ఉంది, కిటికీ ఉంది, పక్కన నేనున్నాను. పీరియడు ఖాళీ ఉన్న సార్ వచ్చి పాఠం చెప్పి పోతాడు. ఇంత ప్రేమగా ఏ హెడ్మాస్టరు చూసుకుంటారు? చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పిల్ల ఫోటో, ర్యాంపు ఫోటో, మధ్యలో నేను.

నెల తిరిగేసరికి ఆ పిల్ల నా ఆఫీసును నడపడం మొదలుపెట్టింది. ఏ సర్క్యులర్ ఏ ఫైల్లో ఉందో నాకు తెలియదు, దానికి తెలుసు. ఎవరైనా వస్తే, "మేడం తొమ్మిదో తరగతిల ఉన్నది, కూసోండ్రి, ఏం పని?" అని అడిగేది. ఒక రోజు మండలం నుంచి వచ్చిన అధికారి నన్ను వదిలేసి దాన్నే అడిగాడు, పోయిన నెల బియ్యం బస్తాలు ఎన్ని వచ్చాయని. టక్కున చెప్పింది. లెక్కల సార్ సెలవు చీటీ నా కంటే ముందు దాని చేతికే ఇచ్చేవాడు. నేను మురిసిపోయాను.

సార్లు వచ్చి పాఠం చెప్పడమనేది మాత్రం మెల్లగా తగ్గింది. మొదట రోజుకు నలుగురు, తర్వాత ఇద్దరు, తర్వాత నోట్సు పంపేవాళ్ళు. నాకు తెలియలేదా అంటే తెలిసింది. పని ఒత్తిడిలో చూసీచూడనట్టు ఊరుకున్నాను. ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే.

ఆగస్టులో ఒక రోజు, అన్నం బెల్లుకు కాస్త ముందు, దాని లెక్కల నోట్‌బుక్కు తెరిచి చూశాను. వెనక పేజీలో గీతలు కొట్టి పట్టిక ఉంది. పైన "మాట్లాడినవారు" అని రాసి ఉంది.

మా బడుల్లో ఇది మామూలే. తరగతిలో టీచరు లేనప్పుడు క్లాసు లీడరు చాక్‌పీసు పట్టుకుని నిలబడుతుంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు బోర్డు మూలకు ఎక్కుతుంది. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటు గుర్తు. ఇంకా మాట్లాడితే ఇంకో ఇంటు. మా బడిలో దీనికి శిక్ష నేనే పెట్టాను: పేరెక్కినవాళ్ళు పదిహేడో ఎక్కం ఐదుసార్లు రాయాలి. పదిహేడు ఎందుకంటే నాకు చిన్నప్పుడు అదే రాలేదు.

ఆ పిల్ల రాసిన పట్టికలో మొదటి పేరు పెద్ద మేడం. పక్కన పదకొండు ఇంటులు. రెండు, లెక్కల సార్, నాలుగు ఇంటులు. మూడు, ముచ్చట్లకు వచ్చి కూర్చునే పటేల్ తాత, ఆరు. నాలుగు, ఫోను, మూడు. నా కోపం నషాళానికి అంటింది.

"ఏందే ఇది?"

"లీడరు ఆట మేడం."

"నాకు పదకొండు ఇంటులా?"

"పొద్దటి సంది మేడం. ఇంక అన్నం బెల్లు గూడ కాలే."

నవ్వాపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు పట్టిక అడుగున ఐదో పేరు కనబడింది. తన పేరే రాసుకుంది. పక్కన ఒక్క ఇంటు కూడా లేదు.

"నీకెందుకు లేవు మరి?"

"నేనెవ్వలతోని మాట్లాడాలె మేడం?"

మామూలుగానే అంది, ఏడుస్తూ కాదు. వెంటనే పరిష్కారం ఆలోచించాను. వెంటనే ఆలోచించడం నా జబ్బు. రోజూ అన్నం బెల్లు తర్వాత ఆరో తరగతి నుంచి ఇద్దరు పిల్లలు వచ్చి ఆమెతో పది నిమిషాలు మాట్లాడాలని డ్యూటీ వేశాను. పేర్లు రాసి గోడకు అంటించాను కూడా.

మొదటి రోజు ఇద్దరు ఆడపిల్లలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఫైలు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాను.

"బాగున్నవా?"

"బాగున్న."

"అన్నం తిన్నవా?"

"తిన్న. మీరు?"

"మేము గూడ తిన్నం."

కాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత ఒకతి నా వైపు తిరిగి, "మేడం, మాట్లాడినం. పోవాల్నా?" అంది. వారం రోజులు రోజూ ఇవే నాలుగు మాటలు, మనుషులే వేరు. శనివారం నాడు ఆ పిల్లే నాతో, "మేడం, వాళ్ళ ఆట పోతున్నది, వద్దనుండ్రి" అంది. కాగితం పీకేశాను.

సెప్టెంబరు చివర అవ్వ వచ్చింది. రోజూ గేటు దగ్గర కుర్చీ తోసి వెళ్ళిపోయే మనిషి ఆ రోజు ర్యాంపు ఎక్కి లోపలికి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. పిల్లను బయట చెట్టు నీడన ఉంచింది.

"మేడం, నా మనుమరాలు ఏ తరగతి?"

"ఆరు గదా అవ్వా. ఎందుకు?"

"గా ఆరో తరగతి పోరగాండ్లను అడిగిన. మా క్లాసుల గా పిల్ల లేదంటున్నరు."

"నా దగ్గరున్నది గదా! నా పక్కన కూసోబెట్టుకున్న, నా సొంత బిడ్డ లెక్క…" నా గొంతు లేచింది. అవ్వ గొంతు లేవలేదు.

"మంచిగనే చూస్తున్నవు, నేను కాదంటలేను. గని అది ఇంటికొచ్చి బడి ముచ్చట ఒక్కటి జెప్పది. బియ్యం బస్తాల ముచ్చట జెప్తది. ఎవలు సెలవు పెట్టిండ్రో జెప్తది. పొద్దంత నీళ్ళు తాగదు మేడం, ఎర్కేనా? మీ బాత్రూముకు మెట్టున్నది. ఎత్తుకపొమ్మని అడుగుడు సిగ్గు దానికి. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగుతది."

నేను ముందున్న చాయ్ గ్లాసు పక్కకు జరిపాను.

"నాకు గూడ మోకాళ్ళు పోయినయి," అంది అవ్వ. "బడికైతే పాణం పోయినా తోసుకొస్త. దీనికి ఇప్పుడే ఉద్యోగం వద్దు మేడం. పండుగ తెల్లారి చెరుకు బండి వస్తది. వాళ్ళమ్మ నాయినతోని ఇది గూడ పోతది. గుడిసె కాడ చిన్న తమ్మున్ని చూసుకుంటది. పండుగ దాక తోసుకొస్త, మాటిచ్చిన గద."

అని కొంగు సర్దుకుని దిగిపోయింది. పండుగ సెలవులకు సరిగ్గా పన్నెండు పనిరోజులు ఉన్నాయి. చెరుకు బండి ఎక్కిన పిల్ల మళ్ళీ బడికి రావడం నేను చాలా తక్కువ చూశాను. నాలుగు నెలలు నీళ్ళు తాగకుండా ఒక పిల్ల నా పక్కనే కూర్చుంది. నేను రోజుకు మూడుసార్లు చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ సీటు దొరికితే కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కండక్టరు చిల్లర కూడా అడగలేదు.

తెల్లారి ప్రార్థన కాగానే సార్లందర్నీ ర్యాంపు దగ్గరికి పిలిచాను. స్కూటరు అప్పటికే వరండా మీదుంది. "దించండి ముందు దాన్ని!" అని అరిచి మొదలుపెట్టాను. తర్వాత విషయం చెప్పాను. ఆరో తరగతిలోకి పిల్ల ఎలా పోవాలి? ఒకరు ఎత్తుకుపోదామన్నారు. రోజుకు నాలుగుసార్లు, అందరూ చూస్తుండగా, పదకొండేళ్ళ పిల్లను? ఇంకొకరు చెక్క పలకలు వేద్దామన్నారు. మూడు మెట్లకు పలక వేస్తే కుర్చీ తిన్నగా పోయి బోరింగుకు గుద్దుకుంటుంది.

లెక్కల సార్ స్కూటరు దించుతూ, నా మీద కోపంతోనే కావచ్చు, గొణిగాడు. "ర్యాంపు జరగది, బోరింగు జరగది. జరిగేది ఒక్క పెద్ద మేడమే."

ఆయన మొహం తెల్లబోయింది. నేను ఆయన వైపు చూశాను, నా గది వైపు చూశాను, పాత బిల్డింగు వైపు చూశాను.

"జరుగుత," అన్నాను.

అనడం అన్నాను కానీ, ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పొద్దూ, ఆ గది నాకు చాలా ఇష్టం. కిటికీలోంచి గేటు కనబడుతుంది. ఆలస్యంగా వచ్చే ప్రతి ప్రాణినీ కూర్చున్న చోటి నుంచే పట్టుకునేదాన్ని. పాత బిల్డింగులో ఆరో తరగతి గదిలోంచి బోరింగు తప్ప ఏమీ కనబడదు. తెలుగు మేడం అడగనే అడిగింది, "మెట్లెక్కి అంత మూలకు ఎవరొస్తరు మేడం మీ దగ్గరికి?" రానివాళ్ళు రాకపోతేనే నిమ్మళం అన్నాను. అబద్ధం.

మధ్యాహ్నం గదులు మార్చడం మొదలైంది. ఆరో తరగతి పిల్లలు బెంచీలు మోసుకుని జాతరలా వచ్చేశారు. నా బీరువాలు పోయాయి, ఫైళ్ళు పోయాయి. మిగిలింది టేబులు. ఆ టేబులు ఊళ్ళో ఒక పెద్ద రైతు, పిల్లలు పటేల్ తాత అనే ఆయన, వాళ్ళ నాన్న పేరు మీద బడికి ఇచ్చాడు. టేకు కర్ర. ముందు పలక మీద పెద్ద అక్షరాలతో ఆ నాన్న పేరు, కింద "జ్ఞాపకార్థం". ఎవరు వచ్చినా ఆ పేరు చదవకుండా నాతో మాట్లాడలేరు. అంత బరువున్న టేబులును ఆరుగురు మోసుకుపోయి పాత గది తలుపులో పెట్టారు. తలుపు చిన్నది. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. తిరగేసి కాళ్ళు పైకి పెట్టి తోశారు. సగం పోయి ఇరుక్కుంది. ఇటు రాదు, అటు పోదు. లోపల ఇద్దరు సార్లు చిక్కుకుపోయారు.

సరిగ్గా అప్పుడు పటేల్ తాత వచ్చాడు. ఆయనకు ఎవరో చెప్పారు, చెప్పకుండా ఎట్లుంటారు!

"మా బాపు పేరు తలకిందులైంది!"

"ఒక్క నిమిషం పెద్దాయనా, ఇప్పుడే…"

"గేటు కాడ ఉండాలని ఇచ్చిన నేను. మూలకు ఏస్తవా మేడం? మా బాపును బోరింగు కాడ కూసోబెడ్తవా?"

నేను చెప్పాల్సింది చాలా ఉంది, నా నాలుక కూడా దురదపెడుతోంది. ఆపుకున్నాను. టేబులును వెనక్కి లాగించాను. ఎక్కడ పెట్టాలో తెలియక, ఉన్న చోటికే, ఇప్పుడు ఆరో తరగతి అయిన నా పాత గదిలోకే తెప్పించాను.

అక్కడ ఇంకో తంటా నడుస్తోంది. ఆ పిల్ల ర్యాంపెక్కి దర్జాగా తరగతిలోకి వచ్చింది. కానీ మా బెంచీలు బల్లతో కలిపి చేసినవి, వాటి మధ్యకు చక్రాల కుర్చీ దూరదు. చివరికి తలుపు దగ్గర, ఒడిలో పుస్తకం పెట్టుకుని, ఒంటరిగా ఉండిపోయింది. ఆఫీసులో ఉన్నట్టే ఉంది. అందరూ దాన్ని చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు. అప్పుడు టేబులు లోపలికి వచ్చింది. మోసేవాళ్ళు చేతులు నొప్పెట్టి దాన్ని దబ్బున పిల్ల ముందే దించారు. పిల్ల చక్రాలు తిప్పుకుంటూ ముందుకు జరిగింది. కుర్చీ టేబులు కిందికి ఇట్టే దూరిపోయింది. మోచేతులు పైన పెట్టుకుంది. ఇంకో ముగ్గురు పిల్లలు స్టూళ్ళు లాక్కుని చుట్టూ చేరారు, ఎవరూ డ్యూటీ వేయలేదు. అంత పెద్ద టేబులు దగ్గర కూర్చోవాలని ఎవరికి ఉండదు?

పటేల్ తాత గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను దగ్గరికి పోయి, "ఇన్ని రోజులు బాపు పేరు నేనొక్కదాన్నే చదివిన పెద్దాయనా. ఇప్పుడు క్లాసు క్లాసంత చదువుతది" అన్నాను.

"దినాము?"

"దినాము."

ఆయన మీసం సవరించుకున్నాడు. "అయితే రంగు మల్ల ఏయించాలె. గీసుకపోయింది" అన్నాడు. తెల్లారి పెయింటరును ఆయనే పంపాడు.

నాకు ఒక ఇనుప టేబులు దొరికింది, ఒక కాలు పొట్టి. మేస్త్రీని మళ్ళీ పిలిచాను. బాత్రూము మెట్టు కొట్టించి వాలు చేయించాను, గోడకు పైపు పెట్టించాను, తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను. ఒక్క రోజు పని. ఒకే ఒక్క రోజు! "గప్పుడే అడిగిన గద మేడం" అన్నాడు మేస్త్రీ. తిట్టడానికి నాకు మొహం లేదు. ఆ పిల్ల బోరింగు దగ్గర దోసిట్లో నీళ్ళు తాగడం నా కొత్త గదిలోంచి చూశాను. బోరింగు కనబడే గది అంత చెడ్డదేమీ కాదనిపించింది.

ఐదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మెట్ల కింద నుంచి కేక. "మేడం! పెద్ద మేడం!" చూస్తే ఆ పిల్ల, మొహం ఎర్రగా చేసుకుని.

"మేడం, లీడరు నా పేరు రాస్తలేదు. నేను గూడ మాట్లాడిన. నా పక్కదానికి నాలుగు ఇంటులు ఏసింది, నాకు ఒక్కటి లేదు. నాతోనే గద అది మాట్లాడింది!"

లీడరును పిలిచాను. రెండు జడలు, కఠినమైన పిల్ల, పెద్దయ్యాక పోలీసు అవుతుంది. తల వంచుకుని, "పాపం గద మేడం" అంది.

"దేనికి పాపం? నోరు మంచిగనే ఉన్నది గదా!"

రాయమని ఆర్డరు వేద్దామని నోటిదాకా వచ్చింది. డ్యూటీ వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కనుక ఆపుకున్నాను. "మీరు మీరు చూసుకోండ్రి, పోండ్రి" అన్నాను. పండుగ సెలవుల దాకా బోర్డు మీద దాని పేరు ఎక్కలేదు. ఆఖరు రోజు సాయంత్రం అవ్వ వచ్చి కుర్చీ తోసుకుపోయింది. ఏమీ చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సెలవుల్లో నేను ఇంట్లో అందరినీ కసిరాను. పండుగ తెల్లారి కామారెడ్డిలో మా వీధి మూల మీద నిలబడి, సామాన్లు, మనుషులు, మేకలతో పోతున్న లారీని చూశాను. అది మా బడి ఊరి వాళ్ళది కాదని తెలిసినా, కనుమరుగయ్యేదాకా చూశాను.

బడి తెరిచిన రోజు నా బస్సు లింగంపేట దగ్గర ఆగిపోయింది. చేరేసరికి ప్రార్థన అయిపోయింది. గేటులోంచి నేరుగా పాత బిల్డింగుకు నడిచాను. ఆరో తరగతి వైపు చూడలేదు. చూడకపోతే ఇంకా ఉన్నట్టే కదా. ఇనుప టేబులు దగ్గర కూర్చుని రిజిస్టరు తిప్పాను. ఒక్క అక్షరం ఎక్కలేదు.

రెండో పీరియడ్లో ఆరో తరగతిలో గోల మొదలైంది. వచ్చే సార్ ఇంకా రాలేదు. గోల అంటే మామూలు గోల కాదు. నాకు కావాల్సింది కూడా అదే, ఎవరి మీదనైనా అరవాలి. విసవిసా మెట్లు దిగి, బోరింగు దాటి, ర్యాంపు ఎక్కాను. తలుపులో నిలబడి నోరు తెరిచాను. కళ్ళు బోర్డు మీద పడ్డాయి.

మాట్లాడినవారు. మొదటి పేరు ఆ పిల్లదే. పక్కన ఇంటులు. లెక్కపెట్టాను. తొమ్మిది.

క్లాసు గప్‌చుప్ అయింది. లీడరు చాక్‌పీసు పట్టుకుని, ఆయాసపడుతూ, "పొద్దుగాలనే చెప్పిన మేడం, పండుగ ముచ్చట్లు చెప్పకు పేరు రాస్తనని. ఇంటలేదు. ఇంక నాకు పాపం అనిపిస్తలేదు" అంది. ఆ పిల్ల టేబులు మీద మోచేతులు పెట్టుకుని, తప్పు చేసిన మొహం పెట్టాలని ప్రయత్నిస్తోంది. మొహం మాట వినడం లేదు.

నేను తిట్టాను. అందరితో సమానంగా, పేరు పెట్టి, ఒక్క పిసరు తగ్గించకుండా తిట్టాను. నోరా అది మైకా అన్నాను. సిగ్గు లేదా అన్నాను. పదిహేడో ఎక్కం ఐదుసార్లు కాదు, పదిసార్లు అన్నాను.

బయటికి వస్తే వరండాలో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఆయాసం తీర్చుకుంటూ. అంతా వింది.

"పోలేదా అవ్వా?" అన్నాను.

"యాడికి పోతది?" అంది అవ్వ. "బండొచ్చి వాకిట్ల నిలవడ్డది. వాళ్ళ నాయిన ఎత్తనీకి వచ్చిండు. ఇది కుర్చీకి బిరేకులు ఏసుకొని, రెండు చేతుల పట్టుకొని కూసున్నది. నా మీద ఇంక ఒక్క ఇంటు పడలే, నేను రాను అన్నది. వాళ్ళ నాయినకు సమజ్ కాలే. నాకు గూడ కాలే. గని బండి పోయింది."

నేను అవ్వ పక్కనే, ర్యాంపు అంచు మీద కూలబడ్డాను. లోపల నుంచి గుసగుస వినబడింది, ఆ పిల్లదే. "ఏయ్ లీడరూ, పెద్ద మేడం పేరు గూడ రాయి. అందరికంటె ఎక్కువ మాట్లాడింది." క్లాసు కిసుక్కుమంది. లీడరు తలుపులోంచి తొంగి చూసి, భయం భయంగా, "రాయాల్నా మేడం?" అని అడిగింది.

రాయమన్నాను. సాయంత్రం లాంగ్ బెల్లు లోపల, ఇనుప టేబులు మీద, పదిహేడో ఎక్కం ఐదుసార్లు రాసి ఆరో తరగతికి పంపాను. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి వచ్చింది. పదిహేడెనిమిదులు నూటముప్పై ఆరు, నేను ఐదుసార్లూ నూటఇరవై ఆరు అని రాశాను. కింద ఆ పిల్ల చేతిరాత, "మళ్ళీ రాయండి మేడం."